పిల్లల నొప్పులు – పెద్దల పెంపకము

పరీక్షల దినములు దగ్గరపడిన కొలది మన యిందూరు సీమలో నొక బాధ ఇంటింట తలయెత్తుచుండును. అది అంటువ్యాధి కాదు. దోమవలన గాని నీటివలన గాని వచ్చునది కాదు. పదుమూడు మొదలు పందొమ్మిది యేండ్ల ప్రాయము గల బాలబాలికలకు తెల్లవాఱగనే కడుపులో నొప్పి, బడికి బోవువేళకు తలనొప్పి, పుస్తకము తెఱవగనే వికారము, రాత్రులయందు గుండెదడ, నిద్రలేమి. ఆదివారములయందును సెలవులయందును ఈ బాధలు చాలవఱకు సద్దుమణగును. సోమవారము ఉదయమున మరల వచ్చును. ఇందల్వాయి, డిచ్‌పల్లి, ధర్పల్లి ప్రాంతముల తల్లిదండ్రులు బిడ్డను వెంటబెట్టుకొని మొదట ఊరి ఆర్.ఎం.పి. వైద్యునికడకును, పిమ్మట నిజామాబాదు ఆసుపత్రులకును దిరుగుదురు. రక్తపరీక్షలు జరుగును, స్కానింగులు జరుగును, వేలకొలది రూపాయలు వ్యయమగును. తుదకు డాక్టరు అన్నియు సరిగనే యున్నవని చెప్పును. ఆ మాట విని సంతసింపవలసిన తండ్రి, బిడ్డవంక గుఱ్ఱుమని చూచి, "అయితే గిదంత నాటకమేనా?" అని యడుగును. నేడు మేము విచారింపబూనినది ఆ ప్రశ్ననే.

అది నాటకము కాదని మేము మొట్టమొదటనే నిస్సంశయముగ జెప్పుచున్నాము. స్కానింగులో కనబడని నొప్పి లేని నొప్పి కాదు. భయమును కోపమును దేహములో నెట్టి మార్పులు గలిగించునో అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. భీతిల్లిన ప్రాణి దేహములో అడ్రినలిన్ పొంగును. గుండె వేగముగ కొట్టుకొనును. రక్తము కండరములకు మరలును. జీర్ణాశయము తన పని మందగించుకొనును. పులిని చూచి పరుగెత్తుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది. పులి వెడలిపోయిన యెడల దేహము మరల నెమ్మదించును. కాని పులి ప్రతిదినమును, ప్రతి వారపు పరీక్షలోను, ప్రతి మార్కుల పట్టికలోను కాచుకొని యున్నచో దేహము ఎన్నడు నెమ్మదించును? ఎడతెగని ఒత్తిడి యే రూపమున వచ్చినను దేహము దాదాపు ఒక్క తీరుననే నలిగిపోవునని హాన్స్ సెల్యే 1936లో చూపెను. పేగులకును మెదడునకును నడుమ నరముల ద్వారమున నిరంతరము వార్తలు నడచుచుండుననియు, ఒత్తిడికి లోనైన బిడ్డకు పేగుల సామాన్యమైన కదలికయే నొప్పిగ తోచుననియు నేటి వైద్యులు చెప్పుచున్నారు.

ఇది పాశ్చాత్యులు చెప్పినదాక మన మెఱుగని సంగతియు గాదు. మన భాషయే దీనికి సాక్షి. తెలుగువాడు దుఃఖించినపుడు కడుపు తరుగుకొనిపోయినదనును. భయపడినపుడు గుండె ఝల్లుమన్నదనును. అవమానపడినపుడు తల కొట్టేసినట్లయినదనును. ధైర్యము చెడినపుడు కాళ్లు చల్లబడినవనును. మనస్సు పడిన వేదనను దేహము చెప్పుకొనునని మన పూర్వులు పలుకుబడులలోనే పొదిగి యిచ్చిరి. నోరు తెఱచి "నాకు భయముగా నున్నది" అని చెప్పుటకు వీలులేని యింటిలో బిడ్డ తరఫున కడుపే మాటాడుచున్నది.

ఈ బాధ అరుదైనదియు గాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగర వైద్యుడు జాన్ ఆప్లే తన సహచరితో గూడి వేయిమంది బడిపిల్లలను పరిశీలించి 1958లో ఫలితములు ప్రకటించెను. మూడు మాసములకు తక్కువగాక మరల మరల వచ్చుచు, ఆటపాటలకు భంగము గలిగించునంతటి కడుపునొప్పి రమారమి పదిమందిలో నొకరికి గలదని తేలెను. అట్టివారిలో అత్యధికులకు ఏ యవయవమునను రోగము కానరాదు. మన దేశములో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి 2022లో ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు గల 3,79,842 మంది విద్యార్థులను ప్రశ్నింపగా, నూటికి 81 మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితములే కారణమని తెలిపిరి. ఇంత పెద్ద సంఖ్యను నాటకమని కొట్టివేయుట యెట్లు?

ఇక పెంపకమునకును ఈ బాధలకును గల సంబంధమును చూతము. తల్లిదండ్రుల పెంపకము మూడు తెఱగులని డయానా బౌమ్రిండ్ అను మనస్తత్త్వ పండితురాలు 1960ల దశకమున నిరూపించెను. ఆజ్ఞయే కాని ఆదరము లేని పెంపకము ఒకటి. ఆదరమే కాని అదుపు లేనిది రెండవది. కట్టుబాటును ప్రేమను జోడించి, కారణము చెప్పి, బిడ్డ మాట గూడ విని నడపునది మూడవది. 1983లో మాకబీ, మార్టిన్ అను పండితులు నాల్గవదానిని జేర్చిరి: అందు ఆజ్ఞయు లేదు, ఆదరమును లేదు, బిడ్డ తన పాటికి తాను పెరుగును. మన పల్లెలలో ఈ నాలుగును గలవు.

మొదటిది మనకు మిక్కిలి పరిచితమైనది. "పక్కింటి పోరగానికి అన్ని మార్కులు, నీకేమొచ్చినయి?" అనునది దాని మంత్రము. దెబ్బలకంటె పోలికలును, పోలికలకంటె మౌనమును ఇందెక్కువ గాయపఱచును. మార్కులు తగ్గిన దినమున తల్లి అన్నము పెట్టునుగాని మాటాడదు. ప్రేమ మార్కులకు తాకట్టుపడినదని బిడ్డకు తెలిసిపోవును. అట్టి అవమానపు అదుపునకును యౌవనారంభమున వచ్చు తలనొప్పులు, కడుపునొప్పులు, నిద్రలేమికిని సంబంధము గలదని పలుదేశముల పరిశీలనలు చూపినవి. రెండవదియు నిరపాయము గాదు. బిడ్డ "నొప్పి" అనగనే బడి మాన్పించి, మంచముపై పరుండబెట్టి, గంటకొకసారి "ఇంకా నొస్తుందా కొడుకా?" అని యడుగు తల్లి ప్రేమచేతనే ఆ నొప్పికి నీరుపోయుచున్నది. దీనికి చక్కని ప్రమాణము గలదు. అమెరికాలో లిన్ వాకర్ అను నామె 2006లో ప్రకటించిన పరిశోధనలో పిల్లలచే కడుపునిండ నీరు త్రాగించి, కొందఱి తల్లిదండ్రులను ఆ బాధను గూర్చియే మాటాడుమనియు, కొందఱిని వేఱు మాటలలోనికి దింపుమనియు నియోగించెను. బాధను గూర్చియే మాటాడినచోట పిల్లల మొఱలు రమారమి రెట్టింపయ్యెను. మాట మరల్చినచోట సగమునకు తగ్గెను. వింత యేమన, మాట మరల్చుట బిడ్డకు కీడుచేయునని పెద్దలు భయపడిరి. అదియే తమకు హాయిగా నుండెనని పిల్లలు చెప్పిరి.

ఇచట రెండు హెచ్చరికలు అవసరము. మాట మరల్చుట వేఱు, మాట కొట్టివేయుట వేఱు. "నొప్పి గలదని నేను నమ్ముచున్నాను; ఐనను మనము లేచి ముఖము కడుగుకొని ఒక్క పూటయైన బడికి బోవుదము" అనుట మొదటిది; "నీకేం నొప్పి లేదు పో" అనుట రెండవది. పూర్వోక్తము ధైర్యము నిచ్చును. తరువాతిది నొప్పికి ఒంటరితనమును తోడుచేయును. రెండవ హెచ్చరిక: పెంపకమే సర్వకారణమని మేము చెప్పుట లేదు. తఱచు నొప్పిపడు బిడ్డను చూచి చూచి తల్లిదండ్రులే గాబరాపడి కఠినులో, అతిగారాబము చేయువారో అగుటయు గలదు. కార్యకారణములు ఇరువైపుల నుండును. ఐనను పెద్దలు తమ తీరు మార్చుకొన్నచో బిడ్డలకు మేలు గలుగుననుటకు నిదర్శనము లేకపోలేదు. రోనా లెవీ అను నామె బృందము 2010లో ప్రకటించిన పరీక్షలో ఇట్టి కడుపునొప్పి గల రెండువందల మంది పిల్లలను, వారి తల్లిదండ్రులను చేర్చుకొని, కొందఱికి కేవలము మూడు సమావేశములలో పిల్లలకు ఓర్పు మార్గములను, పెద్దలకు నొప్పికి స్పందింపవలసిన తీరును నేర్పిరి. అది నేర్చిన కుటుంబములలో పిల్లల నొప్పి తక్కినవారికంటె ఎక్కువగ తగ్గెను. మూడు సమావేశములు! మనము ఒక స్కానింగునకు వెచ్చించు కాలమెంత?

మన తల్లిదండ్రులు క్రూరులని యెవరైన నన్నచో మేము ఒప్పుకొనము. వారి భయమునకు చరిత్ర కలదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు జలములతో చెఱకు పండి, 1937లో బోధనులో నిజాం చక్కెర కార్ఖానా వెలసినప్పుడు, ఆసియాలోనే మిక్కిలి పెద్దదని పేరొందిన ఆ కార్ఖానా నీడలో రైతునకు పంటయు, కూలికి పనియు, చదివినవానికి ఉద్యోగమును గలవను నమ్మకముండెను. 2015 డిసెంబరులో ఆ కార్ఖానా మూతపడినది. కార్మికుల జీతములతోడనే తరతరముల ధైర్యమును పోయినది. మన ఊళ్లలో ఎన్ని యిండ్ల తండ్రులు దుబాయిలోనో మస్కటులోనో సౌదీలోనో యున్నారో లెక్కింపుడు. తల్లి చాట ఒడిలో బెట్టుకొని బీడీలు చుట్టుచు ఇంటిని నిలుపుచున్నది. ఆమె వ్రేళ్లకు విరామము లేదు. బిడ్డ చెప్పునది వినుటకు చెవికి తీఱిక లేదు. అప్పుచేసి కట్టిన ఫీజు వెనుక ఒక యెకరము భూమియు, ఒక వీసాయు, ఒక చెల్లెలి పెండ్లియు వేలాడుచుండును. కావున పదియేడేండ్ల బాలుని ర్యాంకు వాని ర్యాంకు గాదు, కుటుంబపు ఆస్తి. ఎడారినుండి తండ్రి ఫోను చేసిన రాత్రి "తిన్నవా బిడ్డా?" అని యడుగకమున్ను "ఎన్ని మార్కులొచ్చినయి?" అని యడుగుట నిర్దయవలన గాదు, భయమువలన. కాని ఆ భయము తీగెగుండ వచ్చి బిడ్డ కడుపులో నొప్పియై దిగుచున్నది. పెద్దల భారమును పెద్దలు మోయవలయును గాని పిల్లల పేగులపై మోపరాదు.

2016లో మండల కేంద్రమైన యిందల్వాయి జాతీయ రహదారిమీదను, సికిందరాబాదునుండి నిజామాబాదునకు బోవు రైలుమార్గముమీదను నున్నది. ఆ మార్గమున కొకవైపు నిజామాబాదు కోచింగు కేంద్రములు, మఱియొకవైపు హైదరాబాదు హాస్టళ్లు పిల్లలను పిలుచుచున్నవి. పదవ తరగతి ముగియగనే బాలుని పెట్టె సర్ది అచటికి పంపుదుము. తెల్లవాఱుజామునుండి అర్ధరాత్రివఱకు చదువు. పదుమూడు మొదలు పదునెనిమిది యేండ్లవారికి ఎనిమిదినుండి పది గంటల నిద్ర అవసరమని నిద్రావైద్యులు చెప్పుచుండగా, ఆఱు గంటలు నిద్రించినవానిని మొద్దని మనము తిట్టుచున్నాము. ఉదయము తినక, నీరు త్రాగక, ఆటలేక, ఎండ సోకక పెరుగు దేహము తలనొప్పి తెచ్చుకొనక యేమి చేయును?

ఈ వెఱ్ఱి యెంతదూరము పోగలదో మన రాష్ట్రము 2019లో చూచినది. ఆ యేటి ఏప్రిలు 18న ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడెను. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పిరని ప్రకటింపబడెను. తరువాతి కొలది దినములలో ఇరువదిమందికి పైగా బాలబాలికలు ప్రాణములు తీసికొనిరి. పిమ్మట తప్పినవారి పత్రములన్నిటిని ఉచితముగ మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. తెలుగులో సున్న వచ్చినదని ప్రకటింపబడిన యొక బాలికకు వాస్తవముగ 99 మార్కులు గలవని తేలెను. యంత్రము తప్పుచేయగలదు, దిద్దువాడు తప్పుచేయగలడు. ఆ కాగితమును బ్రహ్మవ్రాతయని నమ్మి బిడ్డ విలువ నిర్ణయించు తల్లిదండ్రులు ఏమని సమాధానము చెప్పుకొందురు? మరల పరిశీలన పత్రములకు గలదు గాని ప్రాణములకు లేదు.

"మొక్కై వంగనిది మానై వంగునా?" అని మా కెదురు చెప్పువారుందురు. "మేము దెబ్బలు తినియే మనుష్యులమైతిమి" అనువారును గలరు. వారికి మా సవినయ ప్రత్యుత్తరమిది. వంచుట వేఱు, విఱుచుట వేఱు. మొక్కను వంచువాడు నీరుపోసి, ఊతకఱ్ఱ నాటి, మెల్లగ వంచును. కట్టుబాటు వలదని మేమనుట లేదు. చదువు వలదనియు ననుట లేదు. వేళకు నిద్ర, వేళకు చదువు, ఫోనునకు హద్దు, అబద్ధమునకు అడ్డు — ఇవి ఉండవలసినవే. అవి లేని యింటిలో బిడ్డకు నిలుకడ యుండదు. కాని పదునాఱేండ్లు వచ్చిన కుమారుని మిత్రునివలె జూడుమని మన నీతివేత్తలే బోధించిరి. ఆ నీతిలోని దండన భాగమును మాత్రము జ్ఞప్తియందుంచుకొని మైత్రీ భాగమును మఱచితిమి. అంతకంటె విపరీతము, పెద్దలు పగ్గము సడలింపుమన్న ఆ యీడుననే, పదవ తరగతి ఇంటర్మీడియేటులు వచ్చినవని, మనము పగ్గమును బిగించుచున్నాము.

ఇది ఇంటి విషయము మాత్రమే యని పాఠకులు భావింపవలదు. ఇది జాతి విషయము. 1937లో ఈ నిజామాబాదు పట్టణముననే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ సమావేశమైనపుడు మన పెద్దలు కోరినదేమి? తెలుగు బిడ్డకు తన భాషలో చదువు, భయములేని పౌరజీవనము. నోరెత్తి మాటాడుటయే నేరమైన కాలమున వారు నోరెత్తిరి. 1948లో ఆ రాచరికము పోయినది. 1950లో రాజ్యాంగము వచ్చినది. కాని యింటిలో "నోరు మూసికొని చదువు" అను ఫర్మానా మాత్రము పోలేదు. ఇంటిలో ప్రశ్న వేయుటకు వణకిన బాలుడు రేపు గ్రామసభలో ప్రశ్నించునా? తన బాధను తండ్రికి చెప్పుకొనలేని బాలిక రేపు అన్యాయమును అధికారికి చెప్పగలదా? స్వరాజ్యమునకు మొదటి పాఠశాల ఇల్లు. అచట భయము రాజ్యమేలినంతకాలము దేశమునకు ర్యాంకులు వచ్చును గాని పౌరులు రారు.

కర్తవ్యమేమి? మొదట తల్లిదండ్రులకు. బిడ్డ నొప్పియన్నపుడు నమ్ముడు. ఒకసారి మంచి వైద్యునికి చూపుడు. బరువు తగ్గుట, జ్వరము, మలమున రక్తము, ఆగని వాంతులు, నిద్రనుండి లేపు నొప్పి, తలనొప్పితో చూపు మందగించుట గలవేని ఆలసింపక పరీక్ష చేయింపవలయును. బాలికలయందు రక్తహీనతను, నెలసరి బాధను సిగ్గుచేత మఱుగుపఱుపరాదు. రోగము లేదని వైద్యుడు చెప్పిన పిమ్మట ఆసుపత్రులు మార్చుచు తిరుగక, బిడ్డతో కూర్చుండి మాటాడుడు. నొప్పి ఏ దినమున, ఏ వేళ, ఏ పాఠమునకు ముందు వచ్చుచున్నదో గమనించినచో సగము నిదానము ఇంటనే తేలును. దినమునకు అరగంట మార్కుల ప్రసక్తి లేని మాటలు మాటాడుడు. గల్ఫు తండ్రులారా, ఫోనులో మొదటి ప్రశ్న మార్చుడు. అందులకు వ్యయము లేదు.

పిమ్మట బడులకు. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో పిల్లలను దేహమునగాని మనస్సునగాని హింసించుటను నిషేధించినది. విశాఖపట్టణమున చదువుచుండిన యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికి వర్తించు మార్గదర్శక సూత్రములను విధించెను. నూఱుగురు అంతకు మించి విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు శిక్షితుడైన సలహాదారును నియమింపవలయుననియు, మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు బ్యాచులుగ విభజింపరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు, తల్లిదండ్రులకు గూడ అవగాహన గలిగింపవలయుననియు అందు గలదు. మన మండలములోని, జిల్లాలోని యెన్ని బడులు, కాలేజీలు ఈ యాజ్ఞను పాటించుచున్నవో తల్లిదండ్రులు అడుగవలయును. ఫీజు రసీదు అడుగు నోరు ఈ సంగతియు నడుగవచ్చును.

ప్రభుత్వమునకు. కౌమారప్రాయుల ఆరోగ్యమునకై 2014 జనవరిలోనే రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము ప్రారంభమైనది. మనోవేదన గలవారికై 2022 అక్టోబరులో టెలి మానస్ అను ఉచిత సహాయము ఏర్పడినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటాడువారు లభింతురు. ఈ సంఖ్య ప్రతి బడిగోడపైనను, ప్రతి హాస్టలు ద్వారమునను, బీడీ కార్ఖానాల గుమ్మములయందును వ్రాయింపవలయును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు కడుపునొప్పితో వచ్చిన ప్రతి పదునేనేండ్ల బిడ్డను "బడిలో ఎట్లున్నది? ఇంటిలో ఎట్లున్నది?" అని యడుగు రెండు నిమిషముల అలవాటు వైద్యులకు రావలయును. మాత్ర వ్రాయుటకంటె అది కష్టము గాదు.

మన చేలలో పసుపును గాని వరిని గాని పండించు రైతునకు ఒక రహస్యము తెలియును. మొక్క త్వరగ పెరుగవలెనని పైకి లాగినచో వేరు తెగును. పంటయెడ మనకుగల యా యోర్పు సంతానముయెడ లేకపోవుట శోచనీయము. బిడ్డలు మన యప్పులు తీర్చు హుండీలు గారు, మన యోటములకు బదులు తీర్చుకొను సైనికులు గారు, రేపటి తెలుగుజాతి. వారి దేహములు నేడు మనతో మొఱపెట్టుకొనుచున్నవి. ఆ మొఱ విని మన యింటి తీరులను దిద్దుకొనుటయే పెద్దల ధర్మమని మా దృఢవిశ్వాసము.